దొరికిన రసాయన గుండు ఎవరి లెక్కలోకి వస్తుంది?

2004 మే 15న బాగ్దాద్‌లో రోడ్డు పక్కన అమర్చిన బాంబు ఒకటి అమెరికా సైనికుల కంటబడింది. దాన్ని నిర్వీర్యం చేసేలోపే అది కొంతమేర పేలింది. బాంబుగా వాడింది 155 మిల్లీమీటర్ల ఫిరంగి గుండు. అందులో విడివిడి అరల్లో రెండు రసాయనాలు ఉన్నాయి. గుండు ఫిరంగిలోంచి దూసుకుపోతున్నప్పుడు అవి కలిసి సారిన్ అనే నరాల విషంగా మారేలా దాన్ని రూపొందించారు. నేలమీదే పేలడంతో అవి సరిగా కలవలేదు, వెలువడిన సారిన్ కొద్దిపాటిదే. అయినా ఇద్దరు సైనికులకు ఆ విషప్రభావానికి చికిత్స చేయాల్సివచ్చింది. గుండును అమర్చినవాళ్లకు తమ చేతిలో ఉన్నది రసాయన ఆయుధమని తెలిసి ఉండకపోవచ్చని దర్యాప్తు చేసినవాళ్లు భావించారు.

సద్దాం హుస్సేన్ ప్రభుత్వం 1991కి ముందు చేసిన ఆయుధాల్లో మిగిలిపోయినది అది. తయారుచేసిన ప్రభుత్వం కూలిపోయింది. గుండు దొరికిన దేశం అప్పటికి రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందంలో చేరనే లేదు. దాన్ని పట్టుకున్న అమెరికా మాత్రం అందులో సభ్యదేశమే. అలాంటప్పుడు ఆ గుండు గురించి ది హేగ్‌లోని రసాయన ఆయుధాల నిషేధ సంస్థకు, అంటే ఓపీసీడబ్ల్యూకు, తెలియజేయాల్సింది ఎవరు, ఎప్పుడు, ఏయే వివరాలతో? ఒక గుండుతో అయిపోయే వ్యవహారమైతే దీన్ని సాంకేతిక చిక్కుగా వదిలేయవచ్చు. ఆ తర్వాతి ఏళ్లలో అలాంటివి వేలల్లో బయటపడ్డాయి.

1997 ఏప్రిల్ 29న అమల్లోకి వచ్చిన ఒప్పందంలో ఈ విషయం మీద నియమం సూటిగానే ఉంది. చేరిన ప్రతి దేశం 30 రోజుల్లోగా తన దగ్గరున్న రసాయన ఆయుధాల వివరాలతో తొలి ప్రకటన ఇవ్వాలి. ఆ ప్రకటన తర్వాత ఏదైనా ఆయుధం బయటపడితే దాన్ని నివేదించాలని, భద్రపరచాలని, నియమిత పద్ధతిలో నాశనం చేయాలని నాలుగో అధికరణం తొమ్మిదో పేరా చెబుతోంది. దొరికినదాన్ని ఏ కోవలో వేయాలన్న దగ్గర మాత్రం నియమం పలు పాయలుగా చీలుతుంది, ఆ చీలికను చాలావరకు తేదీలే నిర్ణయిస్తాయి. 1925కు ముందు తయారైనవి, 1925-1946 మధ్య తయారై ఆయుధంగా పనికిరానంతగా చెడిపోయినవి పాత రసాయన ఆయుధాలు. 1925 జనవరి 1 తర్వాత ఒక దేశం మరో దేశపు నేలమీద ఆ దేశపు అనుమతి లేకుండా వదిలేసిపోయినవి పరిత్యక్త ఆయుధాలు. ఈ రెండు కోవలకూ చెందినవి కొత్తగా దొరికితే, దొరికిన 180 రోజుల్లోగా ఓపీసీడబ్ల్యూ సాంకేతిక సచివాలయానికి సమాచారం అందాలి. ఈ రెండింటిలో దేనిలోనూ ఇమడనిది మామూలు రసాయన ఆయుధమే. దానికి తనిఖీదారుల సమక్షంలో నాశనం చేయడం దాకా అన్ని నిబంధనలూ వర్తిస్తాయి.

ఇందులో ఒక మినహాయింపు కూడా ఉంది. 1977కు ముందు భూమిలో పాతిపెట్టి ఇప్పటికీ అక్కడే ఉన్నవాటిని, 1985కు ముందు సముద్రంలో పారేసినవాటిని ప్రకటించడమా మానడమా అన్నది ఆయా దేశాల ఇష్టం. రెండో ప్రపంచయుద్ధం తర్వాత విజేత దేశాలు బాల్టిక్‌లోనూ ఇతర సముద్రాల్లోనూ భారీగా రసాయన ఆయుధాలను ముంచేశాయి. వాటన్నిటినీ వెలికితీసి లెక్కచెప్పమంటే చాలా దేశాలు సంతకమే పెట్టేవి కావు. పాతిపెట్టినది నేలలో ఉన్నంతకాలం మౌనంగా ఉండవచ్చు, తవ్వి తీస్తే మాత్రం చెప్పితీరాలి. రాజీగా చూస్తే ఇది తెలివైనదే. అయితే తవ్వకపోవడమే లాభమనిపించే గుణం కూడా దీనిలోనే ఉంది.

ప్రకటన అంటే పత్రికా ప్రకటన కాదు. సభ్యదేశపు జాతీయ ప్రాధికార సంస్థ వివరాలు సిద్ధం చేస్తే, ది హేగ్‌లోని ఆ దేశపు శాశ్వత ప్రతినిధి కార్యాలయం దౌత్య లేఖతో వాటిని సచివాలయానికి అందజేస్తుంది. ఎక్కడ దొరికింది, ఎన్ని దొరికాయి, ఏ రకం, ఎప్పటిది, ప్రస్తుతం ఏ స్థితిలో ఉంది, లోపల ఏ విషం ఉందని భావిస్తున్నారు వంటివి అందులో ఉండాలి. సున్నితమైన సమాచారానికి ఓపీసీడబ్ల్యూలో అంచెలవారీ గోప్యత వ్యవస్థ ఉంది. ఆ పత్రాలు బయటి ప్రపంచానికి కనిపించవు. ఇరాక్ వ్యవహారంలో వినిపించిన ఒక వాదనను తూచేటప్పుడు ఈ చిన్న వివరం అవసరమవుతుంది.

లోపల ఏముందో తేల్చడం అంత తేలిక కాదు. దశాబ్దాలు మట్టిలో పడి తుప్పుపట్టిన గుండు మీద రంగు గుర్తులు మిగలవు, బయటికి మామూలు గుండుకూ రసాయన గుండుకూ తేడా తెలియకపోవచ్చు. అందుకే ముందు ఎక్స్‌రే తీస్తారు. లోపల ద్రవం కదులుతుంటే అనుమానం బలపడుతుంది. తర్వాత గుండు తెరవకుండానే దాని మీదికి న్యూట్రాన్లను పంపి, లోపలి మూలకాలు వెలువరించే గామా కిరణాలను కొలుస్తారు. గంధకం, క్లోరిన్ కలిసి కనిపిస్తే ఒంటి మీద బొబ్బలు తెప్పించే మస్టర్డ్ అనే విషమని, ఫాస్ఫరస్ కనిపిస్తే నరాల విషమని, ఆర్సెనిక్ కనిపిస్తే లూయిసైట్ అనే మరో బొబ్బల విషం వంటిదని అంచనా వేస్తారు. బెల్జియంలో ఈప్రె పరిసరాల పొలాల్లో మొదటి ప్రపంచయుద్ధపు గుండ్లు నేటికీ నాగళ్లకు తగులుతూనే ఉన్నాయి. అక్కడి సైన్యం పూల్‌కాపెల్ కేంద్రంలో వాటిని ఇలా వేరుచేసి నాశనం చేస్తుంది. వాషింగ్టన్‌లోని స్ప్రింగ్ వ్యాలీ అనే సంపన్న నివాస ప్రాంతంలో 1993 జనవరిలో గొట్టాల కోసం తవ్వుతుండగా మొదటి ప్రపంచయుద్ధ కాలపు గుండ్లు బయటపడ్డాయి. ఒకప్పుడు అక్కడ రసాయన ఆయుధాల ప్రయోగ కేంద్రం ఉండేది. సొంత నేల, సొంత గుండు అయినచోట నివేదించడం దినచర్యలాంటి పనే, దౌత్యపరంగా పెద్దగా ఇబ్బంది ఉండదు.

గత ప్రభుత్వం దాచినది కొత్త ప్రభుత్వానికి దొరికినప్పుడు ఇబ్బంది కొంత ఉంటుంది, అయినా దారి ఉంది. అల్బేనియా తొలి ప్రకటనలో తన దగ్గర రసాయన ఆయుధాలు లేవని చెప్పింది. కమ్యూనిస్టు కాలంలో తెచ్చి కొండల్లోని బంకర్లలో దాచిన సుమారు 16 టన్నుల విషరసాయనాలు, ప్రధానంగా మస్టర్డ్, తర్వాత బయటపడ్డాయి. కొన్ని డబ్బాల మీద చైనా లిపి ఉంది. అల్బేనియా 2003లో ఆ సంగతి ఓపీసీడబ్ల్యూకు తెలియజేసింది, అమెరికా ఆర్థిక సహాయంతో 2007 జులైలో నాశనం పూర్తిచేసింది, ప్రకటించిన నిల్వలన్నిటినీ నిర్మూలించిన మొదటి దేశంగా పేరు తెచ్చుకుంది. ముందు లేదన్నది తర్వాత ఉందని చెప్పినందుకు ఎవరూ దాన్ని దోషిగా నిలబెట్టలేదు. భారత్ అనుభవం కూడా ఇలాంటిదే. 1992 ఆగస్టులో పాకిస్థాన్‌తో కలిసి రసాయన ఆయుధాలను పూర్తిగా వర్జిస్తున్నట్లు ప్రకటించిన భారత్, 1997లో ఒప్పందం ప్రకారం తొలి ప్రకటన ఇచ్చేటప్పుడు తన దగ్గర నిల్వలున్నాయని వెల్లడించింది. అప్పట్లో కొంత సంచలనం రేగింది. 2009 నాటికి ఆ నిల్వలన్నీ తనిఖీదారుల సమక్షంలో నాశనమయ్యాయి. ఇప్పుడు ఆ ప్రస్తావన తెచ్చేవాళ్లే అరుదు.

తయారుచేసింది ఒకరు, దొరికింది మరొకరి నేలమీద అయితే పని మరింత నెమ్మదిస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యం చైనాలో వదిలేసిన రసాయన గుండ్లను నాశనం చేయాల్సిన బాధ్యత జపాన్‌దే. 1999లో రెండు దేశాలూ అవగాహన పత్రం మీద సంతకాలు చేశాయి. జిలిన్ రాష్ట్రంలోని హార్బాలింగ్ ఒక్కచోటే లక్షల్లో ఉన్నాయని అంచనా. 2003 ఆగస్టులో చీచీహార్ నగరంలో నిర్మాణ పనులు చేస్తుండగా భూమిలోంచి మస్టర్డ్ పీపాలు బయటపడ్డాయి. ఒకరు చనిపోయారు, నలభై మందికి పైగా గాయపడ్డారు. గడువులు పలుమార్లు జరిగినా, ఎవరు వదిలారు, ఎవరు ఖర్చు భరించాలి అన్న ప్రశ్నలకు అక్కడ జవాబు ఉంది. పనామా శాన్ హొసే దీవిలో 1940ల నాటి అమెరికా ప్రయోగాల నుంచి మిగిలిన ఎనిమిది బాంబుల విషయంలో ఆ జవాబు రావడానికి ఏళ్లు పట్టింది. చివరికి 2017లో అమెరికాయే వాటిని నాశనం చేసింది.

ఇరాక్‌లో బయటపడినవి ఈ చట్రాల్లో దేనిలోనూ పట్టవు. అవి ఎక్కువగా 1980లలో తయారైనవి కాబట్టి పాత ఆయుధాలు కావు. ఇరాకే తన నేలమీద ఉంచుకున్నవి కాబట్టి పరిత్యక్తాలూ కావు. ఒప్పందం భాషలో అవి సిసలైన రసాయన ఆయుధాలే. తుప్పుపట్టి, కారుతూ, పేల్చడానికి పనికిరాని స్థితిలో ఉన్నా సరే, ఆ కోవకు చెడిపోయిన స్థితితో నిమిత్తం లేదు. అంటే ఒప్పందంలోని అత్యంత కఠినమైన నిబంధనలే వాటికి వర్తించాలి. కానీ 2009 ఫిబ్రవరి దాకా ఇరాక్ సభ్యదేశం కాదు. 1991లో భద్రతామండలి 687వ తీర్మానంతో ఇరాక్ ఆయుధాల పర్యవేక్షణ ఐక్యరాజ్యసమితి తనిఖీ బృందాలకు వెళ్లింది. వాటిలో చివరి బృందం 2003 మార్చిలో యుద్ధానికి ముందు దేశం విడిచిపోయింది, మళ్లీ పనిచేసే అవకాశం దానికి ఇవ్వలేదు. 2007 జూన్‌లో 1762వ తీర్మానం దాని పనినే ముగించేసింది. పర్యవేక్షించాల్సిన వ్యవస్థ ఒకటి తలుపు బయట ఉంది, రెండోదానికి ఆ ఇంట్లోకి ఇంకా పిలుపే లేదు.

నిజానికి ఒప్పందం సొంత ఆయుధాల గురించి మాత్రమే మాట్లాడదు. ఒక దేశం దగ్గర స్వాధీనంలో ఉన్నవి, దాని అధికార పరిధిలో లేదా నియంత్రణలో ఉన్న ఏ ప్రదేశంలోనైనా ఉన్నవి ప్రకటన కిందికి వస్తాయని మూడో అధికరణం చెబుతోంది. 2003 మేలో భద్రతామండలి 1483వ తీర్మానం అమెరికా, బ్రిటన్‌లను ఇరాక్‌ను ఆక్రమించిన శక్తులుగా గుర్తించింది. కాబట్టి తొలి ఏడాదిలో దొరికినవాటి మీద ఆ రెండు దేశాల బాధ్యతను తోసిపుచ్చడం కష్టం. 2004 జూన్ చివరికి ఆక్రమణ చట్టపరంగా ముగిసింది, ఎక్కువ గుండ్లు ఆ తర్వాత దొరికినవే. ఆ నేల అప్పుడు ఇరాక్ ప్రభుత్వానిదే, మేం అతిథి సైన్యం మాత్రమే అని వాదించవచ్చు. కానీ నేల ఎవరిదన్నది ఒక ప్రశ్న, గుండు ఎవరి చేతిలో ఉందన్నది వేరే ప్రశ్న. సైనికులు గుండును ఎత్తి, తమ వాహనంలో పెట్టి, తమ స్థావరానికి చేర్చి, తమ పేలుడు పదార్థంతో పేల్చినప్పుడు అది వాళ్ల స్వాధీనంలో లేదనడానికి చాలా తర్కం ఖర్చుచేయాలి.

ఈ తర్కానికి అందని సంఘటన మరొకటి ఉంది. 2005-06లో సీఐఏ ఒకే ఇరాకీ అమ్మకందారు దగ్గర కనీసం 400 బొరాక్ రాకెట్లను కొని నాశనం చేయించిందని 2015 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ వెల్లడించింది. బొరాక్ అంటే సారిన్ నింపడానికి ఇరాక్ తయారుచేసిన 122 మిల్లీమీటర్ల రాకెట్. తిరుగుబాటుదారుల చేతికి చిక్కకుండా కొనేయడం మంచి పనే. అయితే డబ్బిచ్చి కొన్న వస్తువు కొన్నవాడి స్వాధీనంలో లేదని ఏ చట్టమూ చెప్పదు. పైగా కొన్ని రాకెట్లలోని సారిన్ నిపుణులు ఊహించినదానికంటే స్వచ్ఛంగా ఉందని అదే కథనం తెలిపింది. ఇవన్నీ చెడిపోయిన చెత్త అన్న ధీమా అక్కడే సడలింది.

మొత్తం లెక్క 2014 అక్టోబరులో అదే పత్రిక కథనంతో జనానికి తెలిసింది. 2004-2011 మధ్య అమెరికా సైనికులు సుమారు 5,000 రసాయన గుండ్లు, రాకెట్లు, బాంబులు దొరికినట్లు నివేదించారు. కనీసం 17 మంది అమెరికన్ సైనికులు, ఏడుగురు ఇరాకీ పోలీసులు విషప్రభావానికి గురయ్యారు. గాయపడిన కొందరికి సరైన వైద్యం అందలేదు, జరిగినదాని గురించి మాట్లాడవద్దని కొందరికి ఆదేశాలు వెళ్లాయి. 2015 మార్చిలో అమెరికా సైన్య శాఖ ఉన్నతాధికారి బ్రాడ్ కార్సన్ ఈ సైనికులకు జరిగిన అన్యాయానికి క్షమాపణ చెప్పారు. ఇరాకీ పోలీసుల విషయం ఆ క్షమాపణలోకి రాలేదు.

అసలు ఇంత మౌనం ఎందుకు? యుద్ధానికి చూపిన కారణం చురుకుగా నడుస్తున్న ఆయుధ కార్యక్రమం. దొరికినవి 1991కి ముందు నాటి మిగుళ్లు. 2006 జూన్‌లో సెనేటర్ రిక్ శాంటోరమ్, ప్రతినిధి పీట్ హోక్‌స్ట్రా సుమారు 500 గుండ్లు దొరికాయన్న గూఢచార సమాచారాన్ని బయటపెట్టి, యుద్ధానికి సమర్థన దొరికిందన్నట్లు మాట్లాడారు. ఇవి యుద్ధానికి కారణంగా చూపిన ఆయుధాలు కావని అధికారులే చెప్పాల్సివచ్చింది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. సైనికులు గాయపడిన ఆరు సంఘటనల్లో ఐదింట, గుండ్ల నమూనా అమెరికాది, తయారీ ఐరోపాలో, విషం నింపింది పాశ్చాత్య సంస్థలు ఇరాక్‌లో కట్టిన కర్మాగారాల్లో అని పత్రిక పేర్కొంది. ఇలాంటి విషయాన్ని అంతర్జాతీయ వేదికకు పూర్తి వివరాలతో అందించడానికి ఏ ప్రభుత్వానికైనా చెయ్యి రావడం కష్టమే.

అధికారికంగా చెప్పిన కారణం భద్రత. ఇరాకీ ప్రజలకు, సంకీర్ణ సైన్యానికి, పొరుగు దేశాలకు ముప్పు రాకుండా వెంటనే నాశనం చేయాల్సివచ్చిందని పెంటగాన్ వివరించింది. ఇందులో నిజం లేకపోలేదు. కాల్పులు సాగుతున్న చోట కారుతున్న గుండును ఆరు నెలలు కాపలా కాస్తూ తనిఖీదారుల కోసం ఎదురుచూడమని ఎవరూ అనరు. ఏ ప్రాంతంలో దొరుకుతున్నాయో బయటికి పొక్కితే తిరుగుబాటుదారులూ అక్కడే తవ్వుతారన్న భయమూ సహేతుకమే. అయితే ఇది ఎక్కువమందికి చెప్పకపోవడానికి కారణమవుతుంది గానీ, గోప్యత వ్యవస్థ ఉన్న సంస్థకు కూడా చెప్పకపోవడానికి కారణం కాదు. ముందు నాశనం చేసి, తీసిన ఫొటోలు, నమూనాలు, తేదీలు, ప్రదేశాల వివరాలతో వారాల్లోనే దౌత్య లేఖ పంపి ఉంటే నిబంధన అక్షరాలా కాకపోయినా దాని ఉద్దేశం నెరవేరేది. తర్వాత ఓపీసీడబ్ల్యూకు వివరాలు అందాయి. కానీ తనిఖీ చేయడానికి అప్పటికి మిగిలినవి కాగితాలే.

నాశనం చేసిన తీరు కూడా ప్రశ్నార్థకమే. రసాయన ఆయుధాలను నీటిలో పారేయడం, భూమిలో పాతిపెట్టడం, బహిరంగ గుంటలో కాల్చడం నిషిద్ధమని ధ్రువీకరణ అనుబంధం చెబుతోంది. ఇరాక్‌లో చాలా గుండ్లను ఆరుబయటే పేల్చేశారు. పేల్చడం కాల్చడం కిందికి వస్తుందా రాదా అని న్యాయవాదులు వాదించుకోవచ్చు. గాలి వీచే దిశలో ఉన్నవాళ్లకు ఆ తేడా పెద్దగా ఉండదు.

ది హేగ్‌లో ఈ విషయాన్ని వదలకుండా పట్టుకున్నది ఇరాన్. 1980లలో ఇవే ఆయుధాల దెబ్బ తిన్న దేశం అది. 1987 జూన్‌లో సర్దష్త్ పట్టణం మీద పడిన మస్టర్డ్ బాధితులు నేటికీ ఊపిరితిత్తుల జబ్బులతో ఉన్నారు. సభ్యదేశాల సమావేశాల్లో ఇరాన్ అమెరికా, బ్రిటన్‌ల తీరును ఒప్పంద ఉల్లంఘనగా పేర్కొంటూ వచ్చింది. ఇరాన్‌కు రాజకీయ లాభం లేదని కాదు. కానీ వాదించేవాడి ఉద్దేశం ఏదైనా వాదనలోని బలం తగ్గదు. 2011లో గద్దాఫీ పతనం తర్వాత లిబియా కొత్త పాలకులు, 2004 ప్రకటనలో దాచిపెట్టిన మస్టర్డ్ గుండ్లు దొరికాయని ఓపీసీడబ్ల్యూకు చెప్పారు, కొద్ది నెలల్లోనే తనిఖీదారులు వెళ్లి చూశారు. అంతర్యుద్ధం నుంచి అప్పుడే తేరుకుంటున్న లిబియా చేయగలిగినది అమెరికా ఎందుకు చేయలేదన్న ప్రశ్నకు సభలో సంతృప్తికరమైన సమాధానం రాలేదు.

ఇరాక్ సభ్యత్వం తీసుకున్నాక, సద్దాం కాలపు రసాయన ఆయుధాల కేంద్రమైన అల్ ముథన్నాలోని రెండు బంకర్లను ప్రకటించింది. వాటిలో 1991లో బాంబులు పడి దెబ్బతిన్న ఒకదాని లోపలికి వెళ్లడమే ప్రమాదం, ఎన్ని గుండ్లు ఏ స్థితిలో ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టలేని పరిస్థితి. 2014 జూన్‌లో ఆ ప్రాంగణం ఐసిస్ చేతికి చిక్కిందని ఇరాక్ ఐక్యరాజ్యసమితికి లేఖ రాసింది, తన బాధ్యతలు నిర్వర్తించలేకపోతున్నానని అందులో తెలిపింది. దాచకుండా చెప్పడం అంటే ఇదే, చేయలేకపోవడాన్ని కూడా నివేదించడం. చివరికి 2018 మార్చిలో ఇరాక్ ప్రకటించిన అవశేషాల నిర్మూలన పూర్తయిందని ఓపీసీడబ్ల్యూ ధ్రువీకరించింది. ఆ ధ్రువీకరణ ఇరాక్ ప్రకటనకే పరిమితం. అంతకుముందు పొలాల్లో, స్థావరాల్లో పేల్చేసిన వేల గుండ్ల విషయంలో సంస్థ దగ్గరున్నది పేల్చినవాళ్లు ఇచ్చిన లెక్క మాత్రమే.

మరొక దేశపు నేలమీద పోరాడుతున్న సైన్యానికి రసాయన గుండు దొరికితే ఏం చేయాలన్న దానికి ఒప్పందంలో నేటికీ ప్రత్యేక విధానం లేదు. 2018, 2023 సమీక్షా సమావేశాలు సిరియాలో రసాయన ఆయుధాల వాడకంపై వివాదం వంటి వాటితో ఉమ్మడి తుది పత్రం లేకుండానే ముగిశాయి. ఈ ఖాళీ ఇరాక్‌తో పోలేదు. 2024 డిసెంబరులో సిరియాలో అసద్ ప్రభుత్వం కూలిన రోజుల్లో, రసాయన ఆయుధాలున్నాయని అనుమానించిన స్థలాల మీద దాడులు చేశామని ఇజ్రాయెల్ ప్రకటించింది. అలాంటి దాడులతో కాలుష్యం వ్యాపించవచ్చని, విలువైన సాక్ష్యాలు నాశనం కావచ్చని ఓపీసీడబ్ల్యూ డైరెక్టర్ జనరల్ ఫెర్నాండో ఆరియాస్ హెచ్చరించారు. ఇజ్రాయెల్ ఒప్పందం మీద సంతకం చేసింది గానీ ఆమోదించలేదు, కాబట్టి ఎవరికీ లెక్క చెప్పాల్సిన అవసరం దానికి లేదు. ఆ స్థలాల్లో ఏముండేది, ఇప్పుడు ఏం మిగిలింది అన్నది డమాస్కస్‌లోని కొత్త ప్రభుత్వమే వెతికి, రాసి, ది హేగ్‌కు పంపాలి.